చీటీ మీది పేరు, చీటీ మీది సాక్ష్యం: ఒక పుట్టగొడుగు నమూనా నమోదులపై విమర్శ

విమర్శ అనగానే మనకు కావ్యమో నవలో గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో మనం విమర్శించబోయే రచన అరచేతిలో సగం కూడా ఉండదు. హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన నమూనాతో పాటు ఉండే చీటీ అది. శాస్త్రీయ నామం, సేకరించిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, సేకరణ సంఖ్య, రెండు మూడు పంక్తుల వివరణ. నిడివి ఇంతే. చీటీలోని ఈ సమాచారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు దాన్ని నమూనా నమోదు అంటున్నాం. పుష్పించే మొక్కల విషయంలో ఇటువంటి నమోదులను ఎలా వాడుకోవాలో వర్గీకరణశాస్త్ర భాగంలో చదివారు. శిలీంధ్రాల దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటు మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. ఎలాగో ఒక జాతిని తీసుకొని పరిశీలిద్దాం.

ఆ జాతి పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఉత్తర అమెరికాలో ఇళ్ల ముందు పచ్చికలో, పార్కుల్లో వేసవి వానల తరవాత మొలుస్తుంది. అడవి పుట్టగొడుగులు తిని జబ్బుపడిన సందర్భాల్లో అక్కడ తరచుగా వినిపించే పేరు ఇదే. మన దేశంలోనూ వెచ్చని ప్రాంతాల నుంచి నమోదైంది. పొన్నూరు పరిసరాల్లో బడి ఆటస్థలంలోనో, పెంటదిబ్బ పక్క గడ్డిలోనో పెద్ద తెల్లని గొడుగులు కనబడితే మొదట అనుమానించవలసింది దీన్నే. ఛత్రం పది నుంచి ముప్ఫై సెంటీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. దాని మీద, ముఖ్యంగా నడిమి భాగంలో, గోధుమరంగు పొలుసులు ఉంటాయి. వృంతం మీద పైకీ కిందికీ కదిలే వలయం ఉంటుంది. మొప్పలు లేతదశలో తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులోకి మారతాయి. సిద్ధబీజ ముద్ర కూడా ఆకుపచ్చగానే పడుతుంది. పెద్ద పుట్టగొడుగుల్లో ఇది చాలా అరుదైన లక్షణం. తిన్న కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరణాలు అరుదే గానీ, చిన్నపిల్లలకూ వృద్ధులకూ ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్ల పరిస్థితి విషమించవచ్చు.

ఇప్పుడు దీని పేర్ల చరిత్ర చూడండి. దక్షిణ అమెరికాలోని ఎస్సెక్విబో ప్రాంతపు మొక్కల గురించి రాస్తూ మేయర్ 1818లో దీన్ని అగారికస్ మాలిబ్డైటిస్ అన్నాడు. గ్రీకులో సీసానికి ఉన్న మాట నుంచి వచ్చిన పేరు అది. 1879లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్ర వృక్షశాస్త్రవేత్త చార్లెస్ హార్టన్ పెక్, అగారికస్ మోర్గనీ అని మరో పేరు పెట్టాడు. ఒహాయోకు చెందిన శిలీంధ్ర పరిశోధకుడు మోర్గన్ గౌరవార్థం పెట్టినదది. అమెరికాలోని పాత చీటీల మీద చాలాకాలం లెపియోటా మోర్గనీ అనే రూపంలో ఇదే పేరు కనిపిస్తుంది. 1898లో లండన్ దగ్గర క్యూ ఉద్యానంలో పనిచేస్తున్న జార్జ్ మాసీ, బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నమూనాలను చూసి, ఏకంగా కొత్త ప్రజాతినే స్థాపించి క్లోరోఫిల్లమ్ ఎస్క్యులెంటమ్ అన్నాడు. మూడు పేర్లూ ఒకే జాతివని తరవాత తేలింది. ప్రాథమ్య నియమం ప్రకారం 1818 నాటి జాతి పదం నిలిచింది, ప్రజాతి పేరు మాత్రం మాసీ ఇచ్చినదే మిగిలింది. తక్కినవి పర్యాయనామాలయ్యాయి.

పరీక్షకు ఇంతవరకు చాలు. విమర్శ మొదలయ్యేది ఇక్కడే. ఎస్క్యులెంటమ్ అంటే లాటిన్‌లో తినదగినది అని అర్థం. మనుషుల్ని ఆసుపత్రి పాలుచేసే పుట్టగొడుగుకు తినదగినదనే పేరు ఎలా వచ్చింది? తినవచ్చో లేదో ఎండిన నమూనాను సూక్ష్మదర్శిని కింద పెట్టి తెలుసుకోలేం. ఆ మాట నమూనా పుట్టిన చోట, ఎవరో ఒకరి అనుభవం నుంచి రావాలి. ఒకరి అనుభవం జాతి లక్షణంగా మారి, పేరులోకి ఎక్కి, ముద్రితమై కూర్చుంది. మాసీని వెక్కిరించడం తేలిక, కాని అది న్యాయం కాదు. ఈ పుట్టగొడుగు తిని ఏమీ కానివారు కూడా ఉన్నట్టు నమోదులున్నాయి. అంటే ఆ మాట అబద్ధం కానక్కరలేదు. ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు, వండి తిన్నారా, లేతదా ముదురుదా అనే వివరాలు లేకుండా ఒక విశేషణం మాత్రమే మిగలడంలో ఉంది అసలు దోషం. పేరు మార్చడానికి నియమావళి ఉంది. పోయిన వివరాలను తిరిగి తెచ్చే నియమావళి ఏదీ లేదు.

పుట్టగొడుగు బరువులో దాదాపు తొంభై శాతం నీరే. ఎండబెట్టగానే అది ముడుచుకుపోతుంది. రంగు మారుతుంది, వాసన పోతుంది, కోస్తే ఎర్రబారుతుందా లేదా అనేది తెలియకుండా పోతుంది. ఛత్రం గంట ఆకారంలో ఉండేదా, పళ్లెంలా విచ్చుకుందా చెప్పలేం. ముద్దమందారాన్ని కాగితాల మధ్య నొక్కి ఆరబెడితే యాభై ఏళ్ల తరవాత కూడా మందారమని గుర్తుపడతాం. పుట్టగొడుగుకు ఆ యోగం లేదు. సిద్ధబీజాల పరిమాణం, వాటి గోడ మందం, కణనిర్మాణం, అదృష్టం బాగుంటే డీఎన్ఏ, ఇవి మాత్రం మిగులుతాయి. మిగిలేవాటిని ఎప్పుడైనా, ఎవరైనా మళ్లీ పరీక్షించవచ్చు. పోయేవాటికి ఆధారం ఆ రోజు చీటీ మీద రాసిన మాట ఒక్కటే. అందువల్ల నమోదు విలువను దాని శాస్త్రీయ నామంతో కొలిచే పద్ధతి నాకు సమ్మతం కాదు. పేరు ఒక అభిప్రాయం. తరవాతివారు పాత చీటీని తీసేయకుండా, దాని పక్కనే తమ నిర్ణయాన్ని, సంతకాన్ని, తేదీని వేరే చీటీగా అంటించడం హెర్బేరియం సంప్రదాయం. ఒకే నమూనా మీద మూడు తరాల అభిప్రాయభేదాలు వరసగా కనిపించడం అక్కడ మామూలే. మన సాహిత్య వ్యాఖ్యాతల పద్ధతి కూడా ఇదే కదా!

ఈ అభిప్రాయాలు ఎంతగా కదులుతాయో క్లోరోఫిల్లమ్ ప్రజాతే చెబుతుంది. ఆ పేరుకు పచ్చని పత్రం, అంటే పచ్చని మొప్ప అని అర్థం. పచ్చని సిద్ధబీజాలున్నందుకే ఈ జాతిని చాలాకాలం వేరుగా ఉంచారు. డీఎన్ఏ పోలికల తరవాత, 2002లో ఎల్సె వెల్లింగా తెల్ల సిద్ధబీజాలున్న కొన్ని జాతులను కూడా ఈ ప్రజాతిలోకే చేర్చింది. కాబట్టి ఇవాళ ఒక నమోదులో జాతి పేరు లేకుండా క్లోరోఫిల్లమ్ అని మాత్రమే ఉంటే, దాని మొప్పలు పచ్చనివో తెల్లనివో మనకు తెలియదు. 1950 నాటి చీటీ మీద సిద్ధబీజ ముద్ర ఆకుపచ్చ అని రెండు మాటలు ఉంటే, పైన ఏ పేరు ఉన్నా సరే, ఆ చీటీ నేటికీ పనికొస్తుంది.

మన పుట్టగొడుగు సంగతికి వద్దాం. పుట్ట, గొడుగు అనే రెండు మాటల్లోనే తెలుగు భాష ఒక జీవావరణ సత్యాన్ని చెప్పింది. చెదలు పుట్ట లోపల తోటలాగా పెంచే శిలీంధ్రం వానలకు పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడి వచ్చి, తంజావూరు ప్రాంతపు చెదల గురించి 1779లో రాసిన వ్యాసంలో పుట్టల లోపలి శిలీంధ్ర తోటలను వర్ణించాడు. శాస్త్ర సాహిత్యంలో ఆ సంబంధానికి అదే తొలి వర్ణన అంటారు. ఆ కోనిగ్ 1785లో మన కాకినాడ ప్రాంతంలోనే కన్నుమూశాడు. 1847లో బర్క్లీ అనే ఆంగ్ల మతాచార్యుడు సిలోన్ నుంచి వచ్చిన నమూనాకు అగారికస్ యూరైజస్ అని పేరు పెట్టాడు. మంచి వేరు గలది అని ఆ పేరుకు అర్థం. వృంతం కింద భూమిలోకి చెదల తోటదాకా దిగే పొడవాటి వేరులాంటి భాగం ఈ పుట్టగొడుగుకు గొప్ప గుర్తు. 1942లో రోజర్ హీమ్ వీటన్నిటికీ టెర్మిటోమైసిస్ అనే ప్రజాతిని ఏర్పరచాడు. చెద శిలీంధ్రం అని దానికి తెలుగు చేయవచ్చు, అయితే తెలుగువాడికి ఆ అవసరం లేదు. 1979లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ దక్షిణ భారతం నుంచి టెర్మిటోమైసిస్ హీమీ అనే కొత్త జాతిని వర్ణించి ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త పేరును నిలిపాడు.

బర్క్లీ పేరునూ మాసీ పేరునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ దూరదేశపు నమూనాలు చూసినవారే. యూరైజస్ అన్న మాటను ఈ రోజు కూడా ఎవరైనా పుట్ట తవ్వి పరీక్షించవచ్చు. ఎస్క్యులెంటమ్ అన్న మాటను పరీక్షించాలంటే ఎవరో ఒకరు తినాలి! అయితే బర్క్లీ కూడా ఎండిన నమూనాల బాధ తప్పించుకోలేదు. సిలోన్‌లోని పెరదెనియాలో పనిచేసిన థామస్ పెచ్, చెదపుట్టల శిలీంధ్రాలను పుట్టల దగ్గరే గమనించి 1906లో ప్రచురించాడు. ఎండిన నమూనాలను బట్టి వేరువేరు పేర్లు పొందినవాటిలో పలు రూపాలు ఒకే జాతివని అతని వాదం. మొగ్గదశ, విచ్చిన దశ, వానకు తడిసిన దశ, ఒక్కొక్కటీ ఒక్కొక్క జాతిలా కనబడింది. పెచ్ మరీ ఎక్కువగా కలిపేశాడని నేటివారు అంటారు, అది వేరే సంగతి. పుట్ట పక్కన నిలబడినవాడికి మాత్రమే తెలిసే విషయాలు ఉన్నాయన్న అతని అభ్యంతరం మాత్రం చెక్కుచెదరలేదు.

మా పొన్నూరు వైపు ఈ విమర్శ ఎలా వర్తిస్తుంది? పుట్టగొడుగు అన్న మాట ఇప్పుడు అర్థం విస్తరించి, అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలో అమ్మే తెల్ల బటన్ మష్రూమ్‌కూ, వరిగడ్డి మీద పెంచేదానికీ, పెరటి గడ్డిలో మొలిచిన విషపుదానికీ చెల్లుతోంది. తినకూడనిదాన్ని కుక్కగొడుగు అని వేరుచేసే పాత అలవాటు తగ్గిపోతోంది. కాబట్టి నమూనా చీటీ మీద స్థానిక నామం పుట్టగొడుగు అని రాస్తే దానివల్ల తెలిసేది ఏమీ లేదు. పుట్ట మీద మొలిచిందా, పుట్టకు ఎంత దూరంలో, తవ్వితే వేరు ఎంత లోతు వచ్చింది అన్నవి రాస్తే అది సాక్ష్యమవుతుంది. పుట్ట దగ్గర మొలిచినది మంచిదే అనే నమ్మకం పల్లెల్లో వింటూ ఉంటాం. పుట్ట పక్క గడ్డిలో క్లోరోఫిల్లమ్ మొలవకూడదనే నిబంధన ప్రకృతిలో లేదు. లేత క్లోరోఫిల్లమ్ మొప్పలు తెల్లనివని ముందే చెప్పుకున్నాం. టెర్మిటోమైసిస్ సిద్ధబీజ ముద్ర గులాబీ ఛాయలో పడుతుంది. వేరు తెంపి, ముద్ర తీయకుండా, పైభాగం మాత్రం ఎండబెట్టి తెచ్చిన నమూనా ఈ రెండింటి మధ్య తేడా చెప్పగల గుర్తుల్లో ముఖ్యమైనవాటిని పొలంలోనే వదిలేసి వచ్చినట్టు.

చోటు విషయంలో మరో చిక్కు ఉంది. పాత చీటీల మీద ఊరి పేరు లేకుండా జిల్లా పేరు మాత్రమే ఉండటం సర్వసాధారణం. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ ఏర్పరచారు. అంటే 1890 నాటి చీటీ మీద కృష్ణా జిల్లా అని ఉంటే, అది బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో ఎక్కడిదైనా కావచ్చు. 1970లో ఒంగోలు కేంద్రంగా, తరవాత ప్రకాశం అని పేరు పొందిన జిల్లా వేరుపడింది. కనుక 1960 నాటి గుంటూరు జిల్లా అంటే ఒంగోలు చుట్టుపక్కల మెట్టభూములు కూడా. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి బాపట్ల, రేపల్లె అటు వెళ్లాయి, పొన్నూరు, తెనాలి గుంటూరులోనే ఉన్నాయి. ఇటువంటి చీటీని కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు అక్షాంశ రేఖాంశాలు అడిగిన గడిలో జిల్లా మధ్యబిందువును వేయడం కద్దు. పటం మీద చక్కని చుక్క వస్తుంది. ఆ చుక్క ఉన్నచోట ఆ శిలీంధ్రాన్ని ఎవరూ ఏనాడూ చూసి ఉండకపోవచ్చు.

పటాల గురించి ఇంకొక్క మాట. ప్రపంచ జీవవైవిధ్య సమాచార వ్యవస్థ 2001లో ఏర్పడినప్పటి నుంచి నమూనాల నమోదులు ఎవరైనా చూడవచ్చు. ఉత్తర అమెరికా హెర్బేరియాలు తమ శిలీంధ్ర నమూనాలను పెద్దయెత్తున అలా ఎక్కించాయి. క్లోరోఫిల్లమ్ పటంలో అక్కడ చుక్కలు కిక్కిరిసి, మన డెల్టా వైపు పలచగా కనిపిస్తే, అది అమెరికా జాతి అని విద్యార్థి తేల్చేస్తాడు. చుక్కలు శిలీంధ్రం ఎక్కడుందో కాక, సేకరించేవాడు ఎక్కడ తిరిగాడో చూపిస్తాయి. మన తీరంలో సేకరణకు దీర్ఘ చరిత్ర లేదని కాదు. సామర్లకోటలో ఉండి పనిచేసిన రాక్స్‌బరో కోరమాండల్ మొక్కలపై మూడు సంపుటాలు వెలువరించాడు. ఇంజరంలో 1787 నాటి తుపాను, ఉప్పెనల్లో తన సేకరణలు, కాగితాలు పోగొట్టుకున్నా పని ఆపలేదు. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 వరకు వచ్చింది. ఇవి పుష్పించే మొక్కల మీద దృష్టి పెట్టినవి. 1905లో బట్లర్ పూసాలో ప్రారంభించి, ఇప్పుడు ఢిల్లీలో ఉన్న శిలీంధ్ర హెర్బేరియానికి పంటల తెగుళ్లు ప్రధానం. మన రేపల్లె తీరానికి దగ్గరి విషయం ఒకటి చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మడ అడవుల్లో చెక్క మీద పెరిగే శిలీంధ్రాలపై శర్మ, విట్టల్ చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. మంచి పని. కాని అవి సూక్ష్మదర్శినితో చూడవలసినవి. బడి పిల్లవాడు కాలితో తన్నే పెద్ద తెల్ల గొడుగు అందులో రాదు.

ఈ లోటు వల్ల నష్టం ఏమిటని అడగవచ్చు. కొమ్మమూరు కాలువ కింది ఆయకట్టులో వరి, ఆ వెంటనే మినుమో మొక్కజొన్నో వేసే చేలల్లో పుట్టలకు చోటు లేదు. గట్ల మీద, తోపుల్లో, శ్మశానాల అంచున మిగిలాయి. నాగులచవితికి పాలుపోసే పుట్టలు భక్తి వల్ల బతికాయనుకోవాలి, అయితే లోపల చెదలు బతికి ఉంటేనే గొడుగు మొలుస్తుంది. ఒకప్పుడు ఈ ఊళ్లల్లో తొలకరికి బుట్టలకొద్దీ వచ్చేవని పెద్దలు చెప్పే మాటను నేను నమ్ముతాను. ఏ జాతి వచ్చేదో, ఏ ఏడు ఆగిపోయిందో చెప్పమంటే, తేదీ వేసిన నమూనా లేనిదే ఎవరికీ చేతకాదు. తగ్గిందని నిరూపించాలంటే ముందు ఉన్నదని నమోదు కావాలి. విషాహార సందర్భంలో చిక్కు ఇంకా దగ్గరిది. వైద్యుడికి చూపడానికి వండగా మిగిలిన ముక్క, లేదా అదే చోటి నుంచి తెచ్చిన మరొకటి, మొదలుతో సహా ఉండాలి. మొదట్లో గిన్నెలాంటి వోల్వా ఉంటే అది వరిగడ్డి పుట్టగొడుగు కావచ్చు, ప్రాణం తీసే అమానిటా కావచ్చు. కత్తితో పైకి కోసి తెచ్చిన నమూనాలో ఆ గిన్నె భూమిలోనే ఉండిపోతుంది.

విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు చాలా ఏళ్లు దిద్దినవాడిగా ఒక ఫిర్యాదు చేస్తాను. ఫోను కెమెరాతో పైనుంచి తీసిన ఒక్క ఫోటో, యాప్ చెప్పిన శాస్త్రీయ నామం, కింద తినదగినది అనే మాట: ఈ మూడింటితో ఇరవై జాతుల పట్టిక తయారవుతుంది. పట్టిక తప్పని నేను నిరూపించలేను, ఒప్పని విద్యార్థి నిరూపించలేడు. మాసీ చీటీలో కనీసం నమూనా ఉంది, అందుకే తరవాత దాన్ని సరిదిద్దగలిగారు. ఇరవై పేర్ల పట్టిక కన్నా రెండు నమూనాలు ఎక్కువ మార్కులకు అర్హమని నా అభిప్రాయం. తినదగినది అనే గడి నివేదికలో అసలు ఉండకూడదు.

ఈ భాగానికి సంబంధించిన అభ్యాసం ఇది. మీ ఊరి దగ్గర ఒక పుట్టగొడుగును ఎంచుకోండి. కోయకముందే పక్కనుంచి, కిందినుంచి, చుట్టూ ఉన్న చోటుతో సహా ఫోటో తీయండి. గునపంతో చుట్టూ తవ్వి మొదలుతో, వేరుతో సహా పైకి తీయండి. ఊరు, మండలం, జిల్లా, దగ్గరి గుర్తు రాయండి. నిడుబ్రోలు స్టేషనుకు ఎటువైపు, ఎంత దూరం అన్నట్టు ఉండాలి, ఎందుకంటే జిల్లాలు మారతాయి. వాన ఎన్ని రోజుల కిందట పడిందో, మొప్పల రంగు, వాసన, కోసినచోట వచ్చిన మార్పు ఆ రోజే రాయండి. రుచి చూడవద్దు. చేతులు కడుక్కోండి. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద ఛత్రాన్ని మొప్పలు కిందికి ఉండేలా పెట్టి, గిన్నె బోర్లించి, రాత్రంతా ఉంచండి. తెల్లవారాక పడిన ముద్ర రంగును పగటి వెలుతురులో చూసి వెంటనే చీటీ మీదికి ఎక్కించండి. నమూనాను సన్నని వేడి మీద పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మన తీరప్రాంతపు తేమకు వారంలో బూజు పడుతుంది. శాస్త్రీయ నామం గడిని ఖాళీగా వదిలినా మార్కులు తగ్గవు. ముద్ర పడిన కాగితాన్ని లోపలికి మడిచి, చీటీతో పాటు అదే కవరులో ఉంచండి.